టీకా భయం వాట్సాప్ కంటే చాలా పాతది
టీకాల మీద అపోహలన్నీ సోషల్ మీడియా వచ్చాకే పుట్టాయని ఒకరు రాశారు, నేను ఒప్పుకోలేను. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో మశూచి టీకా వేసిన ఆరేళ్లకే, 1802లో, లండన్‌లో జేమ్స్ గిల్‌రే కార్టూన్ అచ్చయింది. ఆ టీకా ఆవులకొచ్చే మశూచి నుంచి తయారైంది కాబట్టి, వేయించుకున్నవాళ్ల చేతుల్లోంచి, ముఖాల్లోంచి ఆవులు మొలుచుకొస్తుంటాయి అందులో. కోవిడ్ టీకాలో చిప్ ఉందన్న మెసేజ్ కూడా ఆ కోవలోదే. ఫోన్ల వల్ల వేగం పెరిగింది, అంతే. మా పిన్ని కూడా అలాంటి వీడియోలు చూసి రెండు నెలలు వద్దంది. వాదించేకొద్దీ ఇంకా బిగుసుకుపోయింది. చివరికి పక్కన కూర్చుని, "అసలు నీ భయమేంటి పిన్నీ?" అని అడిగితే, బీపీ మాత్రలు వాడుతూ వేయించుకోవచ్చో లేదోనని టెన్షన్ అంది. చిప్ ఊసే ఎత్తలేదు. డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడించాను, మర్నాడే వెళ్లి వేయించుకుంది.