ఊరి డాక్టరుకు చెప్పని చికిత్స

క్యాన్సర్ రోగి చేతిలో ఎప్పుడూ ఒక కవరు ఉంటుంది. బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు, ఏ కీమో ఎప్పుడు ఎక్కించారో రాసిన చీటీలు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ అందులోనే. పెద్దాసుపత్రికీ, ఊళ్లో చూసే డాక్టరుకూ మధ్య రాకపోకలన్నీ ఆ కవరు ద్వారానే. మోసేది రోగి. అందులో ఏముందో ఆయనకు తెలియదు. ఊరి డాక్టరుకూ సగమే అర్థమవుతుంది, ఎందుకంటే అందులో ఒక్క కాగితమూ ఆయనను ఉద్దేశించి రాసింది కాదు.

పేరున్న క్యాన్సర్ ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు అనే మంచి పద్ధతి ఉంది. సర్జన్, కీమో వైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, పాథాలజిస్టు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని ముందు ఆపరేషనా, కీమోనా, అసలు ఈ వయసులో ఏది తట్టుకోగలరు అన్నది తేలుస్తారు. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి చొరవతో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అనే ఆసుపత్రుల కూటమి వల్ల చిన్న కేంద్రాల వైద్యులు కూడా చిక్కు కేసులను ఆన్‌లైన్‌లో నిపుణుల ముందు పెట్టే వీలు కలిగింది. ఆ చర్చలో గడ్డ సైజు, దశ, లింఫు గ్రంథుల లెక్క అన్నీ వస్తాయి. రోగికి పదేళ్ల నుంచి షుగర్ ఉందనీ, మాత్రలు వేళకు వేసుకోడనీ, కొడుకు గల్ఫ్‌లో ఉండటంతో వెంట వచ్చే మనిషి లేడనీ, రేడియేషన్ కోసం ఐదారు వారాలు పట్నంలో ఉండాలంటే గేదెల్ని చూసుకునేవాళ్లు ఉండరనీ చెప్పేవాళ్లు మాత్రం అక్కడ లేరు. రోగినే అడగొచ్చు కదా అనవచ్చు. బయట వందమంది వరుసలో ఉన్న ఓపీలో మన పల్లెటూరి మనిషి ‘సరే సార్’ తప్ప మరో మాట అనడు. రెండో కీమోకో మూడో కీమోకో రావడం మానేస్తాడు. ఎందుకు మానేశాడో ఊళ్లో డాక్టరుకు తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

చికిత్స ప్రణాళిక వేసే ముందు ఊరి డాక్టరును అడగాలి, ఖరారు చేశాక ఆయనకు రాసి పంపాలి. ఈ రెండూ మర్యాద కోసం చేసే పనులు కావు, రోగి ప్రాణానికి సంబంధించినవి. జ్వరం సంగతే చూద్దాం. చాలా రకాల కీమోలలో మందు ఎక్కించాక వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీ. రోగి ఆసుపత్రి మెట్టెక్కిన గంటలోపే నరానికి యాంటీబయాటిక్ పడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి, క్యాన్సర్ కంటే ముందు అదే ప్రాణం తీస్తుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. అర్ధరాత్రి జ్వరం వస్తే అంత దూరం బయల్దేరేది ఎవరు? పారాసిటమాల్ వేసుకుని పడుకుంటారు. పొద్దున ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్తే, కీమో సంగతి తెలియని డాక్టరు వానాకాలపు వైరల్ జ్వరం అనుకుంటే తప్పు పట్టలేం. అదే ‘ఫలానా తేదీన ఈ మందు ఇచ్చాం, జ్వరం వస్తే ముందు ఈ రక్తపరీక్ష, ఈ యాంటీబయాటిక్, తర్వాత ఈ నంబరుకు ఫోన్’ అన్న నాలుగు ముక్కలు ఆయన దగ్గర ఉంటే మొదటి డోసు మండలంలోనే పడుతుంది, పెద్దాసుపత్రికి ప్రయాణం ఆ తర్వాత.

జ్వరంతోనే అయిపోదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. అది తీసుకుంటున్న మనిషి ఒళ్లునొప్పులని వస్తే మన ఊళ్లలో మొదట పడేది డైక్లోఫినాక్ అనే నొప్పి ఇంజెక్షన్. అదీ కిడ్నీలకే చేటు. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. సంగతి తెలియని స్థానిక వైద్యుడు షుగర్ మాత్రల డోసు శాశ్వతంగా పెంచేస్తే వారం తర్వాత షుగర్ పడిపోయి రోగి సొమ్మసిల్లుతాడు. ఇటు నాటు వైద్యుడి పసరు మందు కూడా నడుస్తూ ఉంటుంది. పెద్దాసుపత్రిలో దాని ఊసెత్తరు, తిడతారని భయం. ఊరి డాక్టరుకు ఆ భయం లేకుండానే చెబుతారు.

ఇక్కడొక ఇబ్బందికరమైన నిజం ఒప్పుకోవాలి. తెలుగు పల్లెల్లో చాలామందికి ఫ్యామిలీ డాక్టర్ అంటే వైద్య డిగ్రీ లేని ఆర్ఎంపీనే. రాత్రిపూట తలుపు తడితే లేచేది ఆయనే. ఆయన చేతిలో క్యాన్సర్ చికిత్స పెట్టమని ఎవరూ అనరు, అనకూడదు. అలాగని ఆయన లేనట్టు నటించి వేసే ప్రణాళిక కూడా పనికిరాదు. కీమోలో ఉన్న రోగికి ఏ ఇంజెక్షన్ ఇవ్వకూడదో, ఎప్పుడు ఒక్క గంట కూడా ఆపకుండా పంపేయాలో ఆయనకు తెలియాలి. రోగి దగ్గరుండే కార్డు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటే చాలు.

అర్హత ఉన్న డాక్టరు ఊరికి వచ్చే ఏర్పాటు కూడా మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లాలి, మంచాన ఉన్నవారిని ఇంటికే వెళ్లి చూడాలి. తెలంగాణలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు, ఆ తర్వాత పల్లె దవాఖానాలు వచ్చాయి. ప్రభుత్వం మారగానే పేర్లు, రంగులు మారడం మన దగ్గర మామూలే. ఏ పేరుతో ఉన్నా ఆ డాక్టరుకు తన పరిధిలో ఎంతమంది క్యాన్సర్ చికిత్సలో ఉన్నారో తెలిపే జాబితా రావాలి. ఇంటింటి స్క్రీనింగ్‌లో అనుమానం వచ్చినవారిని పైకి పంపడం మీద ఉన్న శ్రద్ధ, చికిత్స తీసుకుని కిందికి వచ్చినవారి మీద లేదు. 2022లో దేశంలో కొత్తగా సుమారు 14.6 లక్షల క్యాన్సర్ కేసులు వచ్చి ఉంటాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా. స్క్రీనింగ్ పెరిగే కొద్దీ బయటపడేవారు పెరుగుతారు. అందరినీ ప్రతి చెకప్‌కూ క్యాన్సర్ ఆసుపత్రులున్న హైదరాబాద్‌కో, విశాఖ అగనంపూడికో, తిరుపతికో రమ్మంటే ఏ ఓపీ సరిపోతుంది?

చిన్న డాక్టర్లకు క్యాన్సర్ గురించి ఏం తెలుసన్న చిన్నచూపు నిపుణుల్లో ఉంది. కెనడాలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన 968 మంది మహిళల మీద జరిగి 2006లో వెలువడిన అధ్యయనం దీనికి జవాబిచ్చింది. కొందరిని నిపుణుల దగ్గరే ఉంచారు, మిగతావారిని ఫ్యామిలీ డాక్టర్లకు అప్పగించారు. జబ్బు తిరగబెట్టడంలోగానీ, దానివల్ల వచ్చే తీవ్ర సమస్యల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ డాక్టర్లకు ఇచ్చింది ఒక్క పేజీ మార్గదర్శకం. అక్కడ చాలామందికి సొంత ఫ్యామిలీ డాక్టరున్న వ్యవస్థ ఉంది, మనకు లేదు, నిజమే. పీహెచ్‌సీ డాక్టరుకు ఉన్న పనులే తెమలడం లేదన్నదీ నిజమే. ఆయన్ని ప్రతి ట్యూమర్ బోర్డులో కూర్చోబెట్టమని మేం అడగడం లేదు. కష్టమైన కేసుల్లో పది నిమిషాల వీడియో కాల్, మిగతా అన్నింటిలో ఒక ఉత్తరం. అంతే.

నొప్పి విషయంలో ఈ లోటు మరీ దారుణం. ఇక నయం కాదని తేలాక రోగిని ఇంటికి పంపేస్తారు. ఇంటికి పంపడం తప్పు కాదు, చాలామంది కోరుకునేదీ అదే. ఎవరికి అప్పగించి పంపారన్నదే ప్రశ్న. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు సులువుగా దొరికేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. పదేళ్లు దాటినా మండల స్థాయిలో ఆ మాత్ర రాసే శిక్షణ, నిల్వ ఉంచే అనుమతి ఉన్న డాక్టరు దొరకడం కష్టం. ఇంట్లోవాళ్లు ‘నాన్నకు చెప్పొద్దండీ’ అని నిపుణుడి దగ్గర దాచిన మాటను, సమయం చూసి నెమ్మదిగా చెప్పగలిగేది కూడా ఆ కుటుంబాన్ని ఏళ్లుగా చూసిన డాక్టరే.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కీమో జిల్లాకు వస్తే పీహెచ్‌సీకి దూరం తగ్గుతుంది, దుష్ఫలితాలతో అర్ధరాత్రి తలుపు తట్టేవాళ్లూ పెరుగుతారు. కాబట్టి ఆ కేంద్రాలు తెరిచే ముందే ఈ ఏర్పాటు జరగాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ అయినా, ఎన్టీఆర్ వైద్య సేవ అయినా డిశ్చార్జి సమ్మరీ, రోగి ఫొటో అప్‌లోడ్ చేస్తేనే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. రోగి సొంత పీహెచ్‌సీ డాక్టరుకు చికిత్స వివరాలతో రాసిన ఒక పేజీ ఉత్తరాన్నీ, ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోన్ నంబరునూ ఆ అప్‌లోడ్ చేయాల్సిన కాగితాల్లో చేర్చాలి. అవి లేని క్యాన్సర్ క్లెయిమును ఈ పథకాలను నడిపే రెండు రాష్ట్రాల ట్రస్టులూ వెనక్కి పంపాలి.