పవర్‌కు తెలుగేమిటని అడిగే ముందు

ప్రవాసంలో పిల్లలకు తెలుగు నేర్పేవారు, తెలుగులో వ్యాసాలు రాసేవారు, సభల కోసం ప్రకటనలను అనువదించేవారు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది: ఫలానా ఇంగ్లీషు మాటకు తెలుగేమిటి? ఆ ప్రశ్న వెనుక ఉన్న భాషాభిమానాన్ని నేను గౌరవిస్తాను. అయితే ప్రశ్నలోనే ఒక కొరత ఉంది. ఇంగ్లీషు మాట ఒకటే అయినా అది తిరిగే రంగాలు అనేకం, రంగం మారినప్పుడల్లా దాని అర్థమూ మారుతుంది; కాబట్టి ఏ రంగమో చెప్పకుండా తెలుగేమిటని అడిగితే సరైన జవాబు చెప్పడం ఎంతటి పండితుడికైనా సాధ్యం కాదు. ‘పవర్’ అన్న మాటను తీసుకొని ఈ సంగతిని వివరించాలనుకుంటున్నాను. దీనికి మనలో చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ‘శక్తి’. ఆ జవాబు సరిపోయే చోట్లకన్నా సరిపోని చోట్లే ఎక్కువని నా అభిప్రాయం.

ముందుగా భౌతికశాస్త్రాన్ని చూద్దాం, ఎందుకంటే చిక్కు అంతా అక్కడే మొదలవుతుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి బలం, పని, శక్తి, సామర్థ్యం అనే నాలుగు మాటలు పాఠశాలలోనే పరిచయం. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. పనినీ, పని చేయగలిగే శక్తినీ జౌళ్లలో కొలుస్తారు. ఆ పని ఎంత వేగంగా జరుగుతున్నదో తెలిపేది సామర్థ్యం, దాని ప్రమాణం వాట్. సెకనుకు ఒక జౌలు పని జరిగితే అది ఒక వాట్. ఇంగ్లీషులో పవర్ అనేది ఈ నాలుగోదాన్నే. పవర్‌ను శక్తి అనేస్తే, ఎనర్జీకి మన దగ్గర వేరే మాట మిగలదు, రెండు భావాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఈ తేడా పరీక్షల్లో మార్కుల కోసం మాత్రమే పనికొచ్చేది కాదు. వెయ్యి వాట్ల హీటరు ఒక గంట పనిచేసినా, వంద వాట్ల దీపం పది గంటలు వెలిగినా ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి ఒకటే: ఒక కిలోవాట్ గంట, అంటే 36 లక్షల జౌళ్లు. శక్తి సమానమే గాని సామర్థ్యంలో పది రెట్ల తేడా ఉంది. పవర్ కంపెనీ అని పేరు పెట్టుకున్న సంస్థ గృహ వినియోగదారులకు ప్రధానంగా అమ్మేది శక్తినే, మీటరు లెక్కించేదీ కిలోవాట్ గంటలనే. ఇంటి పైకప్పు మీది సౌరఫలకాలకు తోడుగా బ్యాటరీ పెట్టించుకునేవారికి ఈ విభేదం తెలియడం చాలా అవసరం. కిలోవాట్ల అంకె ఆ బ్యాటరీ ఒకేసారి ఎన్ని పరికరాలను నడపగలదో చెబుతుంది. కిలోవాట్ గంటల అంకె ఎంతసేపు నడపగలదో చెబుతుంది. రెంటికీ ఒకే మాట వాడే అలవాటున్నవారికి ఈ రెండు అంకెల మధ్య పొరపాటు పడే ప్రమాదం ఎక్కువ. వార్తల్లోనూ ‘అయిదు వందల మెగావాట్ల శక్తిని ఉత్పత్తి చేశారు’ వంటి వాక్యాలు కనిపిస్తుంటాయి. అయిదు వందల మెగావాట్లు ఆ కేంద్రం సామర్థ్యం. అది ఎన్ని గంటలు నడిచిందో చెబితే తప్ప ఎంత శక్తిని ఉత్పత్తి చేసిందో తేలదు.

ఇటువంటి కలగాపులగం తెలుగువారికి మాత్రమే పరిమితం కాదు. యూరపు శాస్త్రజ్ఞులే ఈ భావాలను విడదీసుకోవడానికి దశాబ్దాలు శ్రమించారు. థామస్ యంగ్ 1807లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఎనర్జీ అన్న మాటను శాస్త్రార్థంలో వాడినా అది వెంటనే స్థిరపడలేదు. మనం ఈనాడు శక్తి నిత్యత్వ సూత్రమని చదువుకునే విషయాన్ని హెల్మ్‌హోల్ట్జ్ 1847లో ప్రతిపాదించినప్పుడు బలాన్ని తెలిపే జర్మన్ మాటనే ఉపయోగించాడు. దాదాపు పదేళ్ల తరువాత ఫారడే కూడా బల నిత్యత్వం అనే శీర్షికతోనే ప్రసంగించాడు. మరోవైపు ఇంజనీర్ల అవసరాలు వేరు. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవారికి చెప్పవలసి వచ్చి, ఒక గుర్రం నిమిషానికి 33,000 అడుగు పౌండ్ల పని చేస్తుందని లెక్క కట్టాడు. అది సుమారు 746 వాట్లకు సమానం. అశ్వశక్తి అని మనం అలవాటుగా అంటున్నది నిజానికి సామర్థ్యానికి కొలత కాబట్టి అశ్వసామర్థ్యం అనే పాఠ్యపుస్తకాల మాటే సరైనది.

తెలుగు పాఠ్యపుస్తకాలు తయారయ్యే నాటికి ఈ భావాలు విడివిడిగా తేటపడి ఉన్నాయి. మన రచయితలు ఆ సదుపాయాన్ని చక్కగా వినియోగించుకున్నారు. వారు ఇంగ్లీషు మాటను చూసి కాక, ఆ మాట సూచించే భావాన్ని చూసి పేరు పెట్టారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రాలవారీగా పారిభాషిక పదకోశాలు వెలువరించడంలోని సార్థకత ఇదే. ఆ కృషికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నాకు బాధగా ఉంటుంది.

గణితంలోకి వస్తే మాట పూర్తిగా మారిపోతుంది. రెండును పదిసార్లు వేసి గుణిస్తే 1024 వస్తుంది. దాన్ని రెండుకు పదో పవర్ అని ఇంగ్లీషులోనూ, పదో ఘాతం అని తెలుగులోనూ అంటాము. గ్రీకు జ్యామితి పండితులు వర్గాన్ని సూచించడానికి బలమనే అర్థమున్న ‘డునామిస్’ అన్న మాట వాడారు. అది లాటిన్ గుండా ప్రయాణించి, 1570లో వెలువడిన యూక్లిడ్ ఇంగ్లీషు అనువాదంలో పవర్ అయింది. డైనమైట్ అన్న పేరు కూడా ఆ గ్రీకు మాట నుంచి పుట్టినదే. మన ఘాతం వచ్చిన దారి వేరు. ఘాతమంటే దెబ్బ, ప్రాచీన భారత గణితజ్ఞులు గుణకారాన్ని హననమని, వధ అని, ఘాతమని వ్యవహరించారు. దుమ్ము పరచిన పలక మీద గుణిస్తూ పోతుంటే పాత అంకెలు చెరిగిపోయి వాటి స్థానంలో కొత్తవి రావడం వల్ల ఆ పేర్లు వచ్చాయని గణిత చరిత్రకారులు వివరిస్తారు. ఘాతమన్న మాటలో బలమనే ఛాయ లేకపోవడం కొరత కాదు. మళ్లీమళ్లీ గుణించడమనే క్రియకు అది మరింత దగ్గరగా ఉంది. మూడు మూలకాలున్న సమితికి ఎనిమిది ఉపసమితులుంటాయని, అది రెండుకు మూడో ఘాతమని గ్రహించిన విద్యార్థికి, ఆ ఉపసమితులన్నిటినీ కలిపి ఘాత సమితి (పవర్ సెట్) అని ఎందుకంటారో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

కళ్లద్దాల విషయంలో సామర్థ్యమనే మాట మళ్లీ కనిపిస్తుంది గాని, దాని అర్థం మాత్రం ఇందాకటిది కాదు. కటకం నుంచి అది కాంతికిరణాలను కేంద్రీకరించే చోటికి ఉన్న దూరం నాభ్యంతరం; మీటర్లలో చెప్పిన ఆ నాభ్యంతరానికి విలోమం కటక సామర్థ్యం. అర మీటరు నాభ్యంతరమున్న కుంభాకార కటకం సామర్థ్యం రెండు డయాప్టర్లు. అంటే కాంతికిరణాలను ఆ కటకం ఎంతగా వంచుతుందో ఆ సంఖ్య తెలుపుతుంది. అయితే మన వాడుకలో ‘కళ్లకు పవర్ పెరిగింది’ అంటే చూపు మరింత మందగించిందని అర్థం! పెరిగింది అద్దానికి కావలసిన సామర్థ్యమే తప్ప కంటి చూపు కాదు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు ఈ వాక్యాన్ని విని చూపు బాగుపడిందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంతగా నాటుకుపోయిన మాటను తీసివేయాలని నేను కోరను. దాని అర్థాన్ని మాత్రం పిల్లలకు విడమరచి చెప్పాలి.

రాజకీయాల్లో పవర్ అంటే అధికారం. శాసన, కార్యనిర్వాహక, న్యాయాధికారాలు వేర్వేరు చేతుల్లో ఉండాలని ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ 1748లో వాదించిన తరువాత, ఆ ఆలోచన అమెరికా రాజ్యాంగ నిర్మాతలను ఎంతగానో ప్రభావితం చేసింది. అదే మాట దేశాలకు వాడినప్పుడు రాజ్యమవుతుంది: అగ్రరాజ్యం, అక్షరాజ్యాలు, వలసపాలక రాజ్యాలు. అగ్రరాజ్యమన్న సమాసంలో శక్తి ఊసే లేకపోయినా భావం సంపూర్ణంగా వచ్చింది. ఇక ‘న్యూక్లియర్ పవర్’ అన్న ఇంగ్లీషు పదబంధాన్ని చూడండి. అణువిద్యుత్తుకూ అదే పేరు, అణ్వస్త్రాలున్న దేశానికీ అదే పేరు. జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి రియాక్టర్లను మూసివేసేదాకా దశాబ్దాల పాటు అణువిద్యుత్తును ఉత్పత్తి చేసింది గాని, ఏనాడూ అణ్వస్త్ర రాజ్యం కాదు. ఉత్తర కొరియా వద్ద అణ్వస్త్రాలు ఉన్నాయి, వాణిజ్యస్థాయి అణువిద్యుత్ కేంద్రం లేదు. ఇంగ్లీషులో సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిన ఈ తేడాను తెలుగు వాక్యం మొదటి మాటతోనే తేల్చేస్తుంది. రెండు చోట్లా ‘అణుశక్తి’ అని రాసి సరిపెట్టుకుంటే, మన భాషకున్న సౌలభ్యాన్ని మనమే వదులుకున్నవాళ్లమవుతాము.

ప్రవాసులకు తరచు అవసరమయ్యే పవర్ ఆఫ్ అటార్నీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముక్త్యారునామా అని పాత దస్తావేజుల్లో కనిపించే ఈ పత్రం, మన తరఫున సంతకం చేసే, లావాదేవీలు నడిపే అధికారాన్ని మరొకరికి ఇస్తుంది. న్యాయశాస్త్రంలో పవర్ అంటే ఇతరుల చట్టపరమైన స్థితిగతులను మార్చగలిగే వీలు. అది హక్కు కాదు, యాజమాన్యం అంతకన్నా కాదు. సాధారణంగా రాసిచ్చినవారు మరణిస్తే ఆ అధికారం కూడా అంతమవుతుంది. ఆ మాట వినగానే ఆస్తి మీద సర్వాధికారాలూ చేతికి వచ్చాయని భావించేవారు, లేదా ఇచ్చేశామని భయపడేవారు మన కుటుంబాల్లో ఉన్నారు. అది ఏ పనికి, ఎంతవరకు ఇచ్చిన అధికారమో పత్రంలో స్పష్టంగా ఉండాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపించవచ్చు. ఇంగ్లీషు ఒక్క మాటతో ఇన్ని భావాలనూ దగ్గరకు చేర్చుతుంటే, తెలుగులో అయిదారు మాటలు నేర్పడం పిల్లలకు భారం కాదా? ఇందులో కొంత నిజముంది. ఒకే మాట అనేక రంగాల్లో వినిపించినప్పుడు వాటి మధ్య చుట్టరికం ఏమిటా అని ఆలోచించే పిల్లలకు అది మేలే చేస్తుంది. కాని ఆ చుట్టరికం చాలాచోట్ల పైపైన మాత్రమే ఉంటుంది. ఘాతానికీ అధికారానికీ మధ్య పోలిక వెదికితే దొరికేది గ్రీకు భాషా చరిత్రే గాని గణితమూ కాదు, రాజనీతీ కాదు. మన పూర్వులు నానార్థాల సమస్యను ఎంతో లోతుగా పరిశీలించారు. సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం చేస్తున్న వ్యక్తి సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమైన వ్యక్తి తెమ్మంటే గుర్రాన్ని తేవాలి. అర్థాన్ని నిర్ణయించేది ప్రకరణం, అంటే సందర్భం. నానార్థాలున్న మాటకు అర్థం తేల్చే ఆధారాలను వ్యాకరణవేత్త భర్తృహరి వరుసగా చెప్పినప్పుడు వాటిలో ప్రకరణాన్నీ చేర్చాడు. అనువాదకుడు తన ముందున్న వాక్యంలో పవర్ అన్న మాట కనిపించగానే మొదట అడగవలసింది ఈ ప్రకరణాన్నే.

అందువల్ల మన సంఘాల తెలుగు బడుల్లో ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఒకే తెలుగు మాట రాసి ఉన్న పట్టికలను ఆపివేయాలని నేను కోరుతున్నాను. వాటి స్థానంలో భౌతికశాస్త్రం, గణితం, న్యాయం, వైద్యం అని శాస్త్రాలవారీగా పట్టికలు తయారు చేయాలి. ఒక మాట నాలుగు పట్టికల్లో నాలుగు రూపాల్లో కనిపించినా వెనుకాడవద్దు. ఛార్జ్, సెల్, ఫీల్డ్, స్ట్రెస్ వంటి మాటలకూ ఇదే పద్ధతి అవసరం. ఆయా వృత్తుల్లో పనిచేస్తున్న ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు మన మధ్య ఎందరో ఉన్నారు. ఈ పనికి వారి అనుభవం ఎంతో విలువైనది.

వారు పూరించవలసిన ఖాళీలు ఇంకా ఉన్నాయి. గణాంకశాస్త్రంలో నెయ్‌మన్, ఈగన్ పియర్సన్ అనే గణాంకవేత్తలు సమాచారాన్ని బట్టి ఒక ఊహను పరీక్షించడానికి 1933లో రూపొందించిన సిద్ధాంతంలో పవర్ అంటే, నిజంగా తేడా ఉన్నప్పుడు దాన్ని పరీక్ష పసిగట్టగలిగే సంభావ్యత. వైద్య పరిశోధనల్లో దీన్ని సాధారణంగా 80 శాతం లేదా 90 శాతంగా ముందే నిర్ణయించుకుంటారు. 80 శాతమైతే, అనుకున్నంత ప్రభావం మందుకు నిజంగా ఉన్నప్పటికీ అయిదింట ఒకసారి ఆ పరిశోధన దాన్ని గుర్తించలేక పోవచ్చు. కాబట్టి రోగుల సంఖ్య తక్కువగా ఉన్న పరిశోధనలో తేడా కనిపించలేదంటే మందు పనిచేయదని రుజువైనట్టు కాదు. ఈ సంగతిని తెలుగు పాఠకులకు వివరించడానికి ‘పరీక్ష శక్తి’ అన్న ముక్కస్య ముక్క అనువాదం ఏమాత్రం సాయపడదు. ‘గుర్తింపు సామర్థ్యం’ అనే మాటను నేను ప్రతిపాదిస్తున్నాను. ఇది సంభావ్యత అన్న విషయం ఆ మాటలో కనిపించదన్న లోపం నాకు తెలుసు. ఇంతకన్నా తగిన మాట తోచిన గణాంకవేత్తలు, వైద్యులు ఈ పత్రికకు రాయాలని, తమ సూచనకు కారణాన్ని కూడా వివరించాలని ప్రార్థిస్తున్నాను.