సిరిమాను నాడే గుర్తొచ్చే పేట

విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రోజు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చివరన పూజారి కూర్చున్న పొడవాటి మాను, మూడు లాంతర్లనే కూడలి దగ్గరి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. చూడ్డానికి లక్షల మంది వస్తారు. ఆ మాను తయారయ్యేది మాత్రం హుకుంపేటలో. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఆనవాలు చెప్పిందని నమ్మే చింతచెట్టును కొట్టి, ఆ పేటకే తరలిస్తారు. వడ్రంగులు అక్కడే చెక్కుతారు. ఆ కొద్ది రోజులూ పేట వైభోగం అంతా ఇంతా కాదు. టీవీ కెమెరాలు, పోలీసు బారికేడ్లు, కాలువ గట్టు పొడవునా బ్లీచింగ్ పౌడరు, వీధి స్తంభాలకు కొత్త బల్బులు. బుధవారం తెల్లారాక మళ్లీ ఏడాది దాకా ఆ పేటతో ఊరికి పని ఉండదు.

నేను అద్దెకుండేది ఆ చుట్టుపక్కలే. ‘అక్కడెందుకండీ, రింగ్ రోడ్డు వైపు మంచి ఫ్లాట్లు ఉన్నాయి కదా’ అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. అద్దె తక్కువ అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది కాబట్టి అదే చెబుతుంటాను. అసలు సంగతి వేరే ఉంది. ఊరు కన్ను పడని పేటలో ఇల్లంటే ఇంకా మనిషి ఉండటానికే. ఊరు కన్ను పడిన చోట అది పెట్టుబడి. ఈ తేడా గజం రేటుతో మొదలై, పక్కింటివాళ్లతో మనం మాట్లాడే తీరు దాకా వెళ్తుంది.

విజయనగరం అనగానే ఏం గుర్తొస్తుంది? 1713లో మొదలైన కోట. గంటస్తంభం. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో పుట్టిన సంగీత కళాశాల. గురజాడ ఇల్లు. విద్యలనగరం అన్న పేరు. ఇవన్నీ చూపించి తిప్పి పంపడానికి ఒక పూట చాలు. ఇక డబ్బున్నవాళ్ల చూపు ఎటు ఉందో తెలియాలంటే హోర్డింగులు చదవాలి. విశాఖ రోడ్డు, భోగాపురం వైపు, ఊరి బయట వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్ లేఅవుట్లు. తెల్లదొరల పటాలాలు పోయి ఇన్నేళ్లయినా ‘కంటోన్మెంట్‌లో ఇల్లు’ అంటే ఇప్పటికీ ఒక మర్యాద. హుకుంపేట, ఉల్లివీధి, దాసన్నపేట లాంటి పేర్లు ఏ బ్రోచర్లోనూ కనపడవు. 2011 లెక్కల్లో ఊరి జనాభా 2.28 లక్షలు. అందులో పెద్ద వాటా ఇలాంటి పేటల్లోనే నిద్రపోయి లేస్తోంది.

మరి ఊరి నడిబొడ్డున, మార్కెట్‌కీ గుడికీ నడిచిపోయే దూరంలో ఉన్న చోట్లను బిల్డర్లు ఎందుకు వదిలేశారు? వాళ్లకు పాత వీధుల మీద ప్రేమ ఉండి కాదు. కాగితాలు కుదరక.

పాతపేటలో ఒక పెంకుటిల్లు తీసుకోండి. తాత కట్టించాడు. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు. పంపకాలు నోటిమాటగా జరిగాయి, దస్తావేజు లేదు. ముందు గది పెద్దాయనది, వెనక వసారా చిన్నాయనది, నూతిగట్టు అందరిదీ. వాళ్ల పిల్లల్లో ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు బెంగళూరులో, ఆడపిల్లలు అత్తారిళ్లలో. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు రాష్ట్రంలో 1986 నుంచే చట్టంలో ఉంది, కాబట్టి వాళ్ల సంతకాలూ కావాలి. ఈ అందరూ ఒకేరోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కలిసేది కల్ల. ఒకవేళ కలిసినా ఎవరో ఒకరు పాత పెళ్లినాటి అలక బయటకు తీస్తారు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు, లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. బ్యాంకు అప్పివ్వని చోట ఫ్లాట్లు అమ్ముడుపోవు. అమ్ముడుపోని చోట బిల్డరు కొబ్బరికాయ కొట్టడు. మా వీధిని ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్ల నుంచి కాపాడింది వారసత్వ కట్టడాల చట్టం కాదు, అన్నదమ్ముల తగాదాలే. నవ్వొచ్చినా నిజం అదే.

దీని ఫలితం వీధిలో తెలుస్తుంది. ఇంటిని అమ్మే ఆలోచన లేనివాడు దాన్ని వాడుకుంటాడు. ముందు గదిలో కుట్టుమిషన్ పెడతాడు. కిటికీ పక్కన చిన్న బడ్డీ తెరుస్తాడు. వెనక పోర్షన్ అద్దెకిస్తాడు, ఆ అద్దెతో కరెంటు బిల్లు, మందుల ఖర్చు గడుస్తాయి. ఓనరు కింద ఉంటాడు, అద్దెకున్నవాడు పైనో వెనకో ఉంటాడు. ఇద్దరూ ఒకే కుళాయి నీళ్ల కోసం ఒకే టైముకి లేస్తారు. ఇలాంటి చోట ఓనరు అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచడం అంత తేలిక కాదు, ఎందుకంటే రోజూ మొహం చూడాలి. రింగ్ రోడ్డు పక్కన ఫ్లాటు కొని అద్దెకిచ్చిన ఓనరు ఎక్కడో ఉంటాడు. అతనికి మనం నెలనెలా ఫోన్‌పేలో వచ్చే అంకె. అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకుంటాడు, పన్నెండో నెలలో పెంచుతాడు. అతను చెడ్డవాడని కాదు. ఈఎంఐ కట్టాలి కదా.

పట్టణ ప్రణాళిక చదివినవాళ్ల మధ్య కొన్నేళ్లుగా ‘పదిహేను నిమిషాల నగరం’ అన్న మాట తిరుగుతోంది. కార్లోస్ మొరెనో అనే ఆచార్యుడు 2016లో ముందుకు తెచ్చాడు. అప్పటి పారిస్ మేయర్ ఆన్ ఇడాల్గో 2020 ఎన్నికల్లో దాన్నే ప్రచారం చేసుకుని గెలిచారు. బడి, బజారు, వైద్యం, పని అన్నీ నడకలోనో సైకిల్ మీదో పావుగంటలో అందాలన్నది దాని సారం. మా పేటలో ఇది ఎవరూ ప్రణాళిక వేయకుండానే ఉంది. పాలు, కూరలు, మందుల షాపు, పిండిమర, ఇస్త్రీ బండి, టైలరు, బళ్లు, గుళ్లు అన్నీ చెప్పులేసుకుని వెళ్లొచ్చేంత దూరంలోనే. కానీ దీన్ని చూసి పొంగిపోవడం నాకు ఇష్టం లేదు. పారిస్‌లో కారు ఉన్నవాణ్ని దిగమంటున్నారు. ఇక్కడ చాలామంది కారు ఎప్పుడూ ఎక్కలేదు. నడిచేది ఆరోగ్యం కోసం కాదు, ఆటో డబ్బులు మిగులుతాయని. ఈ తేడా మరిచిపోయి రాస్తే పేదరికానికి పూలదండ వేసినట్టవుతుంది.

కాబట్టి చెడూ చెప్పాలి. ఎవరూ పట్టించుకోరు అన్న మాటకు రెండు వైపులా పదును ఉంది. బిల్డరు పట్టించుకోడు, మంచిదే. మున్సిపాలిటీ కూడా పట్టించుకోదు. మూతలేని కాలువ, అందులో పందులు, దోమలు, వాన పడితే అరుగు అంచుదాకా వచ్చే మురుగు. సందులోకి అంబులెన్స్ రాదు. పెద్దాయనకు గుండెనొప్పి వస్తే మంచంతో సహా వీధి మొదలుదాకా మోసుకుపోవాలి. దీన్ని ఏ అందంతోనూ కప్పలేం. ‘పాతపేటల్లో మనుషుల మధ్య అనుబంధం’ అని రాసేవాళ్లు ఆ మంచం ఒక కొమ్ము పట్టుకుని చూడాలి.

పెళ్లి సంబంధాల సంగతి ఇంకోటి. అబ్బాయికి ఉద్యోగం బాగుంది, జాతకాలు కలిశాయి, ఇల్లెక్కడ అంటే పేట పేరు చెప్పగానే అవతలివాళ్ల గొంతు కొంచెం తగ్గుతుంది. అందుకే బ్యాంకులోనో సచివాలయంలోనో ఉద్యోగం వచ్చిన కుర్రాడు మొదట చేసే పని బయట లేఅవుట్‌లో స్థలం కొనడం. కట్టేది పదేళ్లకో పదిహేనేళ్లకో. ముందు అడ్రసు మారాలి. ఇందులో అతని తప్పేం లేదు. ఊరంతా కలిసి ఆ అడ్రసుకు మార్కులేస్తుంటే అతనొక్కడూ ఏం చేస్తాడు?

అద్దెలు ఎందుకు తక్కువో కూడా నిజాయితీగా చూడాలి. ఈ జిల్లాలో పని తక్కువ కాబట్టి. నెల్లిమర్ల జనపనార మిల్లు ఎన్నిసార్లు లాకౌట్ అయిందో అక్కడి కార్మికుల ఇళ్లలో అడిగితే చెబుతారు. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు చదువైనా కాకపోయినా రైలెక్కాల్సిందే, ఒకడు హైదరాబాద్ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా, ఒకడు చెన్నైలో సెంట్రింగ్ పనికి, ఇంకొకడు సాఫ్ట్‌వేర్‌కి. ఖాళీ అయిన గదులే మాలాంటి అద్దెవాళ్లకు చవగ్గా దొరుకుతున్నాయి. నాకు దొరికిన ప్రశాంతత వెనక ఎవరో ఊరొదిలిన కథ ఉంది. రోజూ దాన్ని తలచుకుంటూ కూర్చోలేను గానీ, లెక్కలో వేసుకోకుండా ఉండలేను.

ఈ లెక్కంతా మార్చేసేది పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రెండు రాళ్లు పడటంతోనే చుట్టుపక్కల భూముల ధరలు రెక్కలు కట్టుకున్నాయి. ఆ వేడి ఊరి మధ్యకు రావడానికి ఎంతో కాలం పట్టదు. బయట గజం అందనంత పెరిగాక లోపల కాగితాలు కుదరని ఇళ్లు కూడా ఆకర్షణగా కనిపిస్తాయి. సంతకాల కోసం హైదరాబాద్ దాకా కారు పంపించే మధ్యవర్తులు పుట్టుకొస్తారు. తగాదాలు పరిష్కారం అవుతాయి, ఎందుకంటే పంచుకోవడానికి అప్పుడు సొమ్ము ఉంటుంది.

ధర పెరిగితే ఓనరుకు మంచిదే కదా అనిపిస్తుంది. అమ్మేవాడికి మంచిదే. ఉండేవాడికి? ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మున్సిపల్ చట్టాలు సవరించి, 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కగడుతున్నారు. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో రాసి ఉన్న విలువ. పెంపు ఏటా 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఆ 15 శాతం ప్రతి ఏడూ పడుతూ పోతే అయిదేళ్లలో పన్ను రెట్టింపు అవుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి రిజిస్ట్రేషన్ విలువలను రాష్ట్రంలో చాలాచోట్ల సవరించారు కూడా. ఇంట్లో ఒక ఇటుక కదల్లేదు, కుట్టుమిషన్ మీద వచ్చే సంపాదన పెరగలేదు, పింఛను అంతే ఉంది. అయినా పక్క సందులో ఎవరో ఎక్కువ పెట్టి కొన్నందుకు ఈ ఇంటి పన్ను పెరుగుతుంది. పన్నులు వద్దని నేననను. కాలువ బాగు చేయాలంటే డబ్బు కావాలి. కానీ సొంతింట్లో ఉంటూ అమ్మే ఉద్దేశం లేనివాళ్లకూ, కొని తాళం వేసి ధర కోసం ఎదురుచూసేవాళ్లకూ ఒకే కొలమానం పెట్టడం అన్యాయం. ఎవరుంటున్నారో, ఎన్నాళ్లుగా ఉంటున్నారో మున్సిపాలిటీ దగ్గర కరెంటు మీటరంత స్పష్టంగా తెలుస్తుంది. ఆ తేడా పన్నులో కనిపించేలా చేయడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇంటి ప్లాను నిబంధనల్లోనూ ఇదే చిక్కు. ఈ పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ముందు అరుగు, అరుగు దిగితే వీధి. ఇప్పటి నిబంధనల ప్రకారం స్థలం కొలత, రోడ్డు వెడల్పులను బట్టి ఇంటి ముందు ఖాళీ వదలాలి, రోడ్డు ఇరుకైతే వెడల్పు కోసం కొంత ఇవ్వాలి. అరవై గజాల ఇంట్లో అంత వదిలేస్తే మిగిలేది మెట్లకు సరిపోతుంది. అందుకని జనం రెండు పనుల్లో ఒకటి చేస్తారు: ప్లాను లేకుండా మరమ్మతు పేరుతో కట్టుకుని వార్డు సచివాలయం వాళ్లు వస్తారేమోనని టెన్షన్ పడతారు, లేదా పక్క ఇంటితో కలిపి బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తారు. రెండోదాంట్లో కింద అంతస్తు పార్కింగ్ అవుతుంది. వీధి వైపు కుట్టుమిషన్ ఉండదు, బడ్డీ ఉండదు, మనిషి ఉండడు, గేటు మాత్రం ఉంటుంది. సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్లు చేసే కాపలా సీసీ కెమెరా చేయలేదు. దొంగ పారిపోయాకే ఆ కెమెరా అతన్ని చూపిస్తుంది.

మా ఓనరు మామ్మగారి దగ్గరికి ఈ మధ్యే ఒకాయన వచ్చి, మూడు ఇళ్లు కలిపి ఇస్తే ఒక్కొక్కరికీ ఒక ఫ్లాటు, పైన కొంత సొమ్ము అన్నాడు. లిఫ్టు కూడా ఉంటుందన్నాడు. ఆమె మోకాళ్లకు లిఫ్టు మంచిదే. ‘అయితే మరి కింద కూకోడానికి చోటెక్కడుంటది బాబూ?’ అని అడిగింది. ఆయన ప్లాను కాగితం తిప్పి తిప్పి చూసి, టెర్రస్ మీద వాడుకోవచ్చన్నాడు. మామ్మగారు ఇంకా సరేననలేదు, కాదనలేదు. హైదరాబాద్‌లో ఉన్న మనవడు మాత్రం సంక్రాంతికి వచ్చి మాట్లాడతానన్నాడట.

ఆ మనవడు వచ్చేలోపు మున్సిపాలిటీ చేయదగ్గ పనులు ఉన్నాయి. పాతపేటల్లో వంద గజాల లోపు ఇళ్లకు, అరుగు ఉంచుకుని పాత పునాది మీదే కట్టుకునేవాళ్లకు ముందు ఖాళీ నిబంధన సడలించాలి. సందులోకి వచ్చే చిన్న అంబులెన్స్ ఒకటి కొనాలి. కాలువకు మూత వేయాలి, అదీ సిరిమాను తిరిగే దారి పొడవునా మాత్రమే కాదు, ఆ దారికి రెండు పక్కలా ఉన్న సందుల్లో కూడా. వీటికి విమానాశ్రయమంత డబ్బు అవసరం లేదు. వీటివల్ల గజం రేటు పెరుగుతుందా అంటే కొంత పెరుగుతుంది. అయితే మామ్మగారు కింద గదిలోనే ఉండి, మనవడి దగ్గర ‘ఇక్కడే బాగుంది’ అనడానికి కొంచెం గట్టి కారణం కూడా దొరుకుతుంది.