ఫోన్ నాది, తాళం వాళ్లది

రాత్రి రెండు దాటింది. తెనాలిలో మా బావగారి డాబా మీద కూర్చుని అమెరికా ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ల సంగీతం వింటున్నాను. నలభై నిమిషాలుగా దోమలకి కూడా ఆ ట్యూన్ వచ్చేసి ఉంటుంది.

నా పాత ఐఫోన్ 13 బావగారికి ఇద్దామని తెచ్చాను. అక్క అత్తగారు, ఆడపడుచులు అందరూ చూస్తుండగా ఇక్కడి సిమ్ వేస్తే తెర మీద 'సిమ్ నాట్ సపోర్టెడ్'! సెట్టింగ్స్‌లో అబౌట్‌లోకెళ్లి చూస్తే క్యారియర్ లాక్ దగ్గర 'సిమ్ లాక్డ్'. అంటే వాయిదాల మీద ఫోన్ అమ్మిన కంపెనీ, తన సిమ్ తప్ప ఇంకోటి పనిచెయ్యకుండా వేసిన తాళం. అక్కడ 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉండాలట. ఈ ముక్క న్యూజెర్సీలో విమానం ఎక్కేముందు ఎవడైనా చెప్పాడా?

వాయిదాలన్నీ కట్టేశాను మహాప్రభో! అయినా వాళ్లంతట వాళ్లు తియ్యరట, మనమే అడగాలట. అడిగితే ఓటీపీ. ఆ ఓటీపీ ప్లాన్ ఎవరి పేరు మీదుంటే వాళ్లకి, అంటే మా ఆవిడకి. ఆవిడ అక్కడ ఆఫీసు మీటింగులో. ఫ్లాటుకి పైసలతో సహా కట్టించుకుని తాళంచెవి మాత్రం బిల్డరు జేబులో వేసుకుంటే ఊరుకుంటామా? కెనడాలో 2017 డిసెంబర్ నుంచి లాక్ వేసిన ఫోన్ అమ్మకూడదు. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి అంతే. అమెరికా వాళ్లూ 2014లో చట్టం చేశారు లెండి, మన ఫోన్ మనం అన్‌లాక్ చేసుకుంటే తప్పు కాదని. ఎంత దయ!

మేనల్లుడేమో "అబిడ్స్‌లో సిమ్ కింద చిన్న చిప్ పెట్టి లాక్‌ని బోల్తా కొట్టిస్తారు మామయ్యా" అంటాడు. రేపు అప్‌డేట్ వచ్చి అది ఆగిపోతే ఆ పేరు కూడా నాకే.

బావగారు నా ముందు ఒక్క మాట అనలేదు. గోడవతల అక్కతో మాత్రం "పనిచేసేదైతే మీవాడు ఎందుకిస్తాడు" అన్నారు. వెంటనే 2013లో నేనిచ్చిన వాచీ కథ. బ్యాటరీ అయిపోయిందండీ, అంతే! బ్యాటరీ మార్పించుకోవడం మానేసి ప్రతి పెళ్లిలో నా పరువు తీస్తున్నారు. అలకపాన్పు ఎక్కినప్పుడు మా నాన్న అప్పు చేసి కొనిచ్చిన స్కూటర్ గురించి ఏ పెళ్లిలోనూ ఎత్తరే? దానికి ఏ లాకూ లేదు, పొన్నూరు దాకా తోలారు, బాపట్ల దాకా తోలారు.

ఉండండి, లైన్‌లోకి ఎవరో వచ్చారు.

మా ఆవిడతోనే మాట్లాడతారట.