అమరావతి స్తూపం మొత్తం లండన్‌లో లేదు

“రెండు వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచిన అమరావతి మహాస్తూపాన్ని ఆంగ్లేయులు పడగొట్టి, పాలరాతి శిల్పాలన్నీ ఓడల్లో లండన్‌కు తరలించారు. మనకు మిగిలింది గడ్డి దిబ్బ ఒక్కటే.” బ్రిటిష్ మ్యూజియం ఫొటోతో కలిసి ఈ సారాంశం ఉన్న సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతూనే ఉంటుంది. ఆ శిల్పాలు మన దగ్గర లేవన్న బాధ నాకూ ఉంది. ఆంగ్లేయుల తప్పు ఉంది, అది పెద్దదే. అయితే ఈ సందేశం అసలు తప్పును వదిలేసి మరొకదాన్ని పట్టుకుంది.

“చెక్కుచెదరకుండా” అన్న మాటే నిలవదు. స్తూపం వెలుగులో ఉన్న రోజుల్లోనే దాన్ని మళ్లీ మళ్లీ మార్చి కట్టారు. లండన్‌లో ఉన్న ఒక పలకను చూడండి. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి బోధివృక్షం ఉంటుంది. మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాతిని తిప్పి, రెండోవైపు స్తూపం బొమ్మను చెక్కారు. 1182 నాటి, కోట వంశపు రాజు కేతరాజు శాసనం ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు) ఎత్తైన చైత్యం, అంటే స్తూపం, ఉందని చెబుతుంది, బుద్ధుడికి ఇచ్చిన దానాలను పేర్కొంటుంది. ఆ శాసనం ఉన్నది అమరేశ్వరాలయంలోనే. 1344లో శ్రీలంకలోని గడలదెనియలో వేసిన శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలోని రెండంతస్తుల విగ్రహ మందిరాన్ని బాగుచేయించిన సంగతి చెబుతుంది. అంటే 14వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం బతికే ఉంది. ఆ తర్వాత పట్టించుకునేవారు లేక కట్టడం మట్టిలో కూరుకుపోయింది. 18వ శతాబ్దం చివరికి అది ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలిచే ఒక దిబ్బ.

ఆ దిబ్బ మీద మొదటి గునపం పోటు కూడా ఆంగ్లేయులది కాదు. చెప్పడానికి మనసొప్పదు గాని చెప్పాలి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చారు. కొత్త పట్నానికి ఇటుక, రాయి కావలసి వచ్చి దిన్నెను తవ్వించారు. నిధి దొరుకుతుందన్న ఆశతో నడిమధ్య కూడా తవ్వారు. కొన్ని పలకలు శివగంగ చెరువు మెట్లయ్యాయి. 1798లో వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపం నడిబొడ్డున చెరువు గుంట కనిపించింది. నాయుడు గారు గుళ్లకు చేసిన సేవను ఇది తగ్గించదు. అవి ఏ రాళ్లో ఆ రోజుల్లో ఆయనకు చెప్పగలిగినవారు లేరు.

ఇక “శిల్పాలన్నీ” అన్న మాట. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన శిల్పాలు అక్కడ ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. వాటిని 1859లో లండన్‌కు ఓడెక్కించారు. అక్కడైనా గౌరవం దక్కిందా? 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని చూసింది ఒక బండ్ల కొట్టంలో. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి సుమారు 120. అంతకంటే ఎక్కువ శిల్పాలు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి, మరికొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి. రైలెక్కితే చేరుకోగల చెన్నైకి వెళ్లి చూడకుండా లండన్ ఫొటోలు పంపుకోవడం నాకు బాధగా ఉంటుంది. అన్నట్టు, అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి.

ఆంగ్లేయులు చేసిన అసలు నష్టం గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. 1877లో మద్రాసు ప్రభుత్వాధికారి రాబర్ట్ సూయెల్ కొంత భాగం తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు, బకింగ్‌హాం డ్యూకు, మిగిలినదంతా తవ్వి శుభ్రం చేయమని ఆదేశించాడు. ఏ పలక ఎక్కడ నిలబడి ఉందో, దేని పక్కన ఏది ఉందో సరిగా రాసుకోకుండానే పని కానిచ్చారు. మరుసటి ఏడాది పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి, దాని చుట్టూ చెల్లాచెదురుగా రాళ్లు. ఓడెక్కిన రాయిని ఎప్పటికైనా వెనక్కి అడగవచ్చు. అది నిలబడిన చోటును ఎవరిని అడగాలి?

లండన్ శిల్పాలను తిరిగి ఇవ్వమని అడగాల్సిందే, నేనూ అడుగుతాను. అయితే నాయుడు గారి పేరు, బకింగ్‌హాం ఆదేశం దాచిపెట్టి అడిగితే అవతలివాళ్లు మొదటి ప్రశ్నకే మన నోరు మూయిస్తారు. మెకంజీ తన చిత్రకారులతో గీయించిన అమరావతి బొమ్మలు నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో కనిపించే రాళ్లు కొన్ని ఇప్పుడు లండన్‌లోనూ లేవు, చెన్నైలోనూ లేవు, అమరావతిలోనూ లేవు.