పెడస్టల్ ఫ్యానుకు భయపడే మగవాళ్ల గురించి

1990లో పారిస్‌లో జరిగిన ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్‌కు ముందురోజు రాత్రి, ఇరవయ్యేళ్ల అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ స్నానం చేస్తుండగా ఆయన తలమీది విగ్గు పోగులు పోగులుగా ఊడిపోవడం మొదలైంది. సింహపు జూలు లాంటి ఆ జుట్టును చూసి లోకమంతా మురిసిపోతున్న రోజులవి. అందులో సొంతం ఎంతో, అతికించుకున్నది ఎంతో దగ్గరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అన్నయ్య వచ్చి, పిన్నుల మీద పిన్నులు గుచ్చి, దాన్ని ఎలాగో తలమీద నిలబెట్టాడు. మర్నాడు ఎర్రమట్టి కోర్టులో వార్మప్ చేస్తున్నప్పుడు గెలిపించమని కాదు, విగ్గు ఊడిపడకుండా కాపాడమని దేవుణ్ణి వేడుకున్నానని 2009లో వెలువడిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఎదుటి ఆటగాడు ఈక్వెడార్‌కు చెందిన ఆండ్రెస్ గోమెజ్. విగ్గు నిలిచింది, మ్యాచ్ పోయింది.

ఇది చదివి నవ్వుకున్న మాట నిజమే గానీ, నవ్వే అర్హత నాకు లేదు. ఇరవై ఏడో ఏట నా నడినెత్తి పల్చబడిన నాటి నుంచి, ఎవరి పెళ్లికి వెళ్లినా పెడస్టల్ ఫ్యాను ఎటు నుంచి ఎటు తిరుగుతోందో చూసుకున్నాకే కుర్చీ ఎంచుకునేవాణ్ణి. ఎడమ చెవి మీదుగా పెంచుకున్న నాలుగు వెంట్రుకలను కుడివైపుకు పరిచి, కొబ్బరినూనెతో అణిచిపెట్టి బయలుదేరితే, ఫ్యాను గాలి ఒక్కసారి తగిలేసరికి అవన్నీ కలిసి డబ్బా మూతలా పైకి లేచేవి. వధూవరుల మీద అక్షింతలు వేయాల్సిన చెయ్యి నా నెత్తి మీదే ఉండిపోయిన వీడియో ఒకటి మా బంధువుల ఇంట్లో ఇప్పటికీ ఉంది. దాన్ని దాచిపెట్టమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

అందుచేత జుట్టు రాలడాన్ని దాచుకునే ప్రముఖులను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. తెరమీది విగ్గు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కిరీటం, గద, పెట్టుడు మీసం ఎలాంటివో విగ్గూ అలాంటిదే, అది వేషంలో భాగం. 1962లో మొదటి జేమ్స్ బాండ్ చిత్రం నాటికే హాలీవుడ్ నటుడు షాన్ కానరీ విగ్గు పెట్టుకుని నటించాడు. తరవాత తరవాత బట్టతలతోనే తెరమీదికి వచ్చాడు, అలా నటించిన పాత్రకే ఆస్కార్ అందుకున్నాడు. 1989లో పీపుల్ పత్రిక ఆయనను లోకంలోకెల్లా ఆకర్షణీయుడైన మగవాడని ప్రకటించేనాటికి ఆయన నెత్తిన జుట్టు లేదు, వయసు యాభై తొమ్మిది. మన పక్కనే ఉన్న రజనీకాంత్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తెరమీద ఒత్తయిన జుట్టు ఎగరేసిన మనిషే సభలోకి బట్టతలతో, నెరిసిన గడ్డంతో, తెల్ల పంచెతో నడిచి వస్తాడు. అప్పుడు పడే చప్పట్లు ఏమైనా తగ్గాయా? వేషం ఎక్కడ ముగుస్తుందో, మనిషి ఎక్కడ మొదలవుతాడో ఆయన ఒక్క మాటా మాట్లాడకుండానే చూపించాడు. మిగతా హీరోలకు ఆ ధైర్యం ఎందుకు చాలదో నాకు అంతుపట్టదు. ఆయనకున్నంత పేరు ఉంటే ఎవరైనా చేస్తారని మా మిత్రుడు అంటాడు గానీ, పేరుకూ ధైర్యానికీ సంబంధం లేదనే నా అనుమానం.

ఎందుకంటే రోము నేలిన జూలియస్ సీజర్‌కే ఆ ధైర్యం లేకపోయింది. వెనక ఉన్న జుట్టును ముందుకు దువ్వుకునేవాడనీ, సెనేట్ ఇచ్చిన గౌరవాలన్నింటిలోకీ ఎప్పుడైనా లారెల్ ఆకుల దండ తలకు పెట్టుకోవచ్చునన్న హక్కే ఆయనకు ఎక్కువ ప్రీతి అనీ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఇటలీనే ఏలిన బెర్లుస్కోనీ అయితే 2004లో జుట్టు నాటించుకుని, తలకు తెల్ల గుడ్డ చుట్టుకునే తన సార్డీనియా విడిదిలో బ్రిటిష్ ప్రధాని టోనీ బ్లెయిర్‌కు స్వాగతం పలికాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అయినా ఆయన్ను నేను తప్పుపట్టను, కనీసం చేయించుకున్న సంగతి దాచలేదు.

నా ఫిర్యాదు దాచేవాళ్ల మీదే. అది కూడా విగ్గు దాచేవాళ్ల మీద కన్నా వైద్యం దాచేవాళ్ల మీద. నుదుటి మీద జుట్టు వెనక్కి పోయిన హీరో ఆర్నెల్లు కనబడకుండా పోయి, పదహారేళ్ల కుర్రాడి తలకట్టుతో తిరిగివస్తాడు. ఇంటర్వ్యూలో అడిగితే అమ్మ పెట్టిన నూనె అంటాడు, యోగా అంటాడు, మంచి నిద్ర అంటాడు. ఆ మాట విన్న కుర్రాడు నూనెలు కొంటాడు, ఉల్లిరసం రాసుకుంటాడు, చివరకు తన ప్రయత్నంలోనే లోపం ఉందనుకుంటాడు. మగవాళ్ల బట్టతల చాలావరకు వంశపారంపర్యం. డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే హార్మోను ప్రభావానికి కుదుళ్లు కుంచించుకుపోతాయి, దాన్ని నూనె ఆపలేదు. రక్తపోటు మాత్రగా పుట్టిన మినాక్సిడిల్‌కు 1988లో, ప్రోస్టేట్ మందుగా పుట్టిన ఫినాస్టరైడ్‌కు 1997లో అమెరికాలో బట్టతల మందులుగా అనుమతి వచ్చింది. రెండూ కొందరికి పనిచేస్తాయి, కానీ వాడటం ఆపితే నిలిచిన జుట్టు మళ్లీ రాలిపోతుంది. శస్త్రచికిత్స కూడా కొత్త జుట్టును పుట్టించదు. తల వెనక ఉన్న కుదుళ్లను తీసి ముందు నాటుతారు, అంతే. వెనక పొలంలో నారు ఎంత ఉంటే ముందు అంతే నాట్లు. నాటినది మొదటి వారాల్లో రాలిపోయి, నెలల తరబడి నెమ్మదిగా మొలుస్తుంది. ఇవన్నీ ఆ హీరోకు తెలుసు, ఎందుకంటే ఇదంతా ఆయన తలమీదే జరిగింది. 2011లో ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ రూనీ, అప్పటికి పాతికేళ్లవాడు, జుట్టు నాటించుకున్నానని ట్విట్టర్‌లో తానే చెప్పేశాడు. జనం నాలుగు రోజులు నవ్వారు, ఆ తరవాత మామూలుగానే ఆయన గోల్స్ లెక్కపెట్టుకున్నారు.

ఇక్కడ మన వాళ్ల తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో గుండుకు గౌరవం ఉంది, బట్టతలకు లేదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. అలా మొక్కుగా ఇచ్చిన జుట్టునే దేవస్థానం వేలం వేస్తుంది, అదే సముద్రాలు దాటి విగ్గులుగా మారుతుంది. మన భక్తి ఎవరి బట్టతలను కప్పుతోందో ఆ వేంకటేశ్వరుడికే ఎరుక! కానీ అదే తల మీద జుట్టు దానంతట అది రాలిందా, మన సినిమాలకు అది హాస్యం, పెళ్లిచూపులకు అది లోపం. ఆఖరికి నేనూ విసిగిపోయి మంగలి దగ్గర నున్నగా గీయించుకున్నాను. మర్నాడు ఆఫీసులో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, తిరుపతి వెళ్లొచ్చారా అని. అవునన్నాను. మరి లడ్డూ ఏది అన్నారు! నాలుగు వెంట్రుకలు దాచిన చోట ఇప్పుడు ఏకంగా ఒక తీర్థయాత్రను కల్పించానని అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమే నిజం ఒప్పేసుకున్నాను. ఆ తరవాత ఏ మండపంలోనూ ఫ్యాను ఎటు తిరుగుతోందో నేను చూడలేదు. అగస్సీ కూడా చివరకు గుండు చేయించుకుని, 1999లో అదే పారిస్‌లో అదే ట్రోఫీ గెలిచాడు.

మొన్న మా చిన్నాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు, ఇంకా సంబంధాలు చూడటం మొదలే కాలేదు. ఏదో క్లినిక్ వాళ్లు ఇచ్చిన కొటేషన్ పంపాడు, అందులో కుదురుకు ఇంత అని ధర, వాయిదాల పద్ధతి, కింద ఆఫర్ గడువు, అన్నీ ఉన్నాయి గానీ శస్త్రచికిత్స చేసే వైద్యుడి పేరు మాత్రం లేదు. యూట్యూబ్‌లో చూసో, వర్క్‌షాపులో చూసో నేర్చుకోవడం ఈ పనికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చిందని వాడికి చెప్పాను. ముందు చర్మవైద్యుణ్ణి కలవమన్నాను. అంతా విని, వాడు తన అభిమాన హీరో పేరు చెప్పి అడిగాడు, "అన్నయ్యా, ఆయన ఏమీ చేయించుకోలేదట, ఒట్టి నూనేనట. నిజమేనా?"