కుంటడానికి కోచింగ్ కావాలి

హన్మకొండ నైంనగర్‌లో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది. ఈఏపీసెట్‌కు, నీట్‌కు, గ్రూప్స్‌కు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగెత్తడం నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. పరుగెత్తడానికి కోచింగ్ ఉన్న ఊళ్లో కుంటడానికి లేకపోవడం మన విద్యారంగానికి తీరని లోటని, బాధ్యత గల పౌరుడిగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. యాభై ఏళ్లుగా దసరాకు, సంక్రాంతికి కూడా సెలవు పెట్టకుండా కుంటుతున్నాను. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. లేదని దేశానికి వచ్చేసింది. ఉందని నాకే రావడం లేదు.

రాలేదంటే అసలు రాలేదని కాదు. పదేళ్ల కింద సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే చోట, 30 శాతం వేశారు. పింఛనుకు 40 ఉండాలి. బడిలో 35తో ప్రతి క్లాసూ గట్టెక్కినవాణ్ణి, 40 ఎప్పుడూ చూసినవాణ్ణి కాను. సరే, మన రాత అనుకొని కిరాణా కొట్టులో కూర్చున్నాను. ఈలోపు రెండు కాళ్ల పని ఒక్కటే చేసీ చేసీ కుడి మోకాలు అరిగిపోయింది. ఆ మాట డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో సేమియా పాయసం చేశారు. "ఇగ నలభై దాటుతది, ఒక్కసారి పోయి రాండ్రి" అంది మా ఆవిడ. ఆమె లెక్క ప్రకారం పాతది 30, కొత్త మోకాలికి ఎంత లేదన్నా 20, మొత్తం 50.

మీసేవ తమ్ముడు నవ్వాడు. ప్రభుత్వ లెక్కలో 30, 20 కలిపితే 43 అట. దానికో సూత్రం ఉంది. 90లోంచి పెద్ద అంకె తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, దాన్ని పెద్ద అంకెకు కలపాలి. నాకు పదో తరగతిలో లెక్కలు ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది. నా కాళ్లకు కూడా రావు.

అయినా 43 అంటే పాసే కదా. స్లాట్ కోసం పొద్దున్నే పోయి నిలబడ్డాను. స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోయేవి. మూడోసారికి దొరికింది.

ఇక సిలబస్. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కాలు నిలకడగా ఉందో లేదో చూడటానికి మార్గదర్శకాల్లో తొమ్మిది పనులు రాసి పెట్టారు. చదునైన నేల మీద నడవాలి, వాలు మీద నడవాలి, మెట్లెక్కాలి. రెండు కాళ్ల మీద నిలబడాలి, తర్వాత బాగా లేని కాలి మీద ఒక్కదాని మీదే నిలబడాలి. గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకోవాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, పక్కకు తిరగాలి. ఒక్కోదానికి 10 చొప్పున 90. ఏది చేతకాకపోతే దానికి మార్కులు. ఫెయిలైతేనే మార్కులిచ్చే పరీక్ష దేశంలో ఇదొక్కటే, అందులోనూ నేను ఫెయిలయ్యాను. ఇవిగాక గోనియోమీటరని ఒకటుంటుంది, బడిలో కోణమానినికి అన్నలాంటిది. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తారు. కండల బలానికి 0 నుంచి 5 దాకా వేరే మార్కులు. నా కాగితంలో నొప్పికి మాత్రం మార్కులు కనబడలేదు.

క్యాంపు ఎక్కడో పేరెందుకు లెండి, ఒక ఆసుపత్రి. వినపడనివాళ్ల గది కింద, నడవలేనివాళ్ల గది పైన. కింద వినపడనివాళ్లను పేరు పెట్టి కేకలేసి పిలుస్తున్నారు. మేం మెట్లెక్కుతున్నాం. లైన్‌లో గంటన్నర నిలబడ్డాను. అంటే మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, రెండూ పరీక్ష హాలు బయటే అయిపోయాయి. వాటిని దిద్దేవాళ్లు లేరు.

చేతికర్ర తేవాలా వద్దా అని ముందు రోజు ఇంట్లో పెద్ద మీటింగే జరిగింది. కర్రతో నడిస్తే, కర్ర ఉంటే చాలు గదా అంటారు. కర్ర లేకుండా నడిస్తే, కర్ర కూడా అక్కర్లేదు గదా అంటారు. చివరికి కర్ర తీసుకెళ్లి సంకలో పెట్టుకున్నాను. ప్యాంటు మంచిదే వేసుకున్నాను, గడ్డం గీసుకున్నాను. అక్కడే తప్పు చేశానని లైన్లో ముందున్న ముల్కనూరు పెద్దాయన చెప్పాడు. "గట్ల పెండ్లికొచ్చినట్టు వస్తే ఎవడిస్తడు బిడ్డా?"

లోపల డాక్టరు గారు తలెత్తకుండానే అడిగారు. "ఎట్ల వచ్చినవ్?"

"ఆటోల వచ్చిన సార్."

"పైకి?"

"మెట్లెక్కి వచ్చిన సార్."

ఆయన ఏదో రాసుకున్నారు. జవాబు సరైందే, మార్కులే పోయాయి. నైంనగర్‌లో కోచింగ్ ఉండి ఉంటే ఈ బిట్టు మొదటి వారమే చెప్పించేవాళ్లు. ఆయన్ను తప్పు పట్టను. బయట రెండు వందల మంది ఉన్నారు, సాయంత్రంలోపు అందరి కాళ్లూ చూడాలి. నాకు రెండు నిమిషాలిచ్చారు. యాభై ఏళ్ల నడక అందులో సర్దుకోవాలి.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటారు. ఎందుకు లేవు, ఉన్నాయి. మాకూ వాటికీ తేడా ఒక్కటే. సర్టిఫికెట్ కోసం మేం నడుస్తాం, వాళ్లకది ఇంటికే నడిచొస్తుంది. వాళ్ల మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ మమ్మల్ని ఇంకో రౌండు నడిపిస్తారు.

ఇంతా దేనికంటే నెలకు 4,016 రూపాయలకు. 2014లో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు 1,500 ఉండేది, 2019లో 3,016 అయింది, 2023లో ఇంకో వెయ్యి పెరిగింది. అదే ఏడు ఎన్నికల్లో 6,000 చేస్తామన్నారు. ఆ హామీదీ నా నడకే.

కొన్నాళ్లకు రిజల్టొచ్చింది. మోకాలికి 20 కాదు, 10 వేశారు. 30కి 10 కలిపితే, పైన చెప్పిన సూత్రం ప్రకారం, 37. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు మీద 80, ఆ పైన ఉంటే నీలం గీత, 40 నుంచి 80 లోపు పసుపు, 40 లోపైతే తెలుపు. తెల్ల రేషన్ కార్డుతో బియ్యమన్నా వచ్చేవి. ఈ తెలుపుతో ఏం వస్తుందని అడిగితే మీసేవ తమ్ముడు చాయ్ తెప్పించాడు.

మళ్లీ అప్లై చేసుకోమన్నాడు. చేసుకుంటాను, తొందరేం లేదు. వేయి స్తంభాల గుడి దగ్గరి కళ్యాణ మండపాన్ని 2006లో విప్పదీస్తే, మళ్లీ నిలబడేసరికి 2024 అయింది. అన్ని రాతి కాళ్లున్న మండపానికే పద్దెనిమిదేళ్లు పట్టినప్పుడు నావెంత, రెండు.

సిలబస్‌లో ఒక్క పాఠం మాత్రం ఇప్పుడే చేర్చాలి. క్యాంపు రోజు పరీక్షయ్యాక కిందికి దిగుతూ, చివరి రెండు మెట్లుండగా, కుడి మోకాలు మడతపడి బోర్లా పడ్డాను. సంకలోని కర్ర చెవుల గది దాకా దొర్లుకుంటూ పోయింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి లేపి, బట్టలకంటిన మట్టి దులిపి, గుండెలు బాదుకున్నంత పని చేశాడు.

"అయ్యో కాకా, గింత మంచిగ పడ్డవ్, గిదేదో లోపల పడకపోతివి!"